ఎర్తు గుంత

కార్డు మీద నా ఫోటో కింద
వైర్‌మన్ అని అచ్చేసినారు.
మన్ అంటే మొగోడు కదా మేడమ్ అంటే
కౌంటర్లో ఆమె కళ్ళజోడు పైకి తోసి
"పేరు తప్పుంటే చెప్పు,
పని పేరు మార్చేది నా చేతిలో లేదు" అంది.
పేరు సుంకమ్మ. తప్పు లేదు.
లామినేషన్ వేడి ఆరని ఆ ముక్కను
రాయదుర్గం బస్సులో
దిగేదాకా గుప్పిట్లోనే పెట్టుకున్నా.

పరీక్షలో అడిగినారు: ఫ్యూజు దేనికి?
ఇల్లు కాలకుండా తాను కాలేదానికి, అని రాసినా.
రాస్తాంటే ఉసేనప్ప గుర్తొచ్చినాడు.

ఇరవై తొమ్మిదేండ్లు
ఈ ఊరి గోడలు చీల్చి పైపులు పూడ్చినోడు.
ఏ ఇంట్లో ఏ స్విచ్చు వెనక ఏ రంగు తీగుందో
ఆ ఇంటామెకు పోపుడబ్బా తెలిసినంత తెలుసు.
"తీగె తీగెను వాటేసుకోవాలమ్మే,
మొక్కుబడిగా చెయ్యి కలిపితే వేడెక్కుతాది"
అని నాకు జాయింటు నేర్పినోడు.
చదువు రాదు.
అర్జీ ఫారం కనబడితే
తొక్కు ఊడిన తీగను చూసినట్టు వెనక్కి జరుగుతాడు.

కార్డు లేని చెయ్యి కరెంటు ముట్టగూడదు.
చానా కాలంగా ఉన్న మాటే.
పాత బస్టాండు వెనక జీన్సు షెడ్డు
ఒక ఆదివారం కాలిపోయి
మూడు దినాలు నీలిబట్ట పొగైనాక
ఆ మాట అందరికీ వినబడింది.
ఇప్పుడు షెడ్డు షెడ్డుకూ టెస్టు రిపోర్టు,
దాని అడుగున నంబరు, సంతకం.

"సంతకానికి అయిదొందలు" అన్నాడు కాంట్రాక్టరు వన్నూరప్ప.
"నువ్వు కదలొద్దు పాపా, కాగితాలే నీ ఇంటికొస్తాయి."
నాకు దినం కూలీ అంత ఉండదు.
ఆలోచించలేదంటే అబద్ధం.

కానీ ముందుగా వచ్చింది ఉసేనప్ప.
చంకలో అట్ట ఫైలు, తలకిందులుగా.
"నలభై మిషన్ల షెడ్డు. వైరింగు నాదే.
నా పని నీకు తెల్దా?"
తెలుసు.
టెస్టర్ల సంచి భుజానికేసుకున్నా.
ఆయన మొగం
ఒక్కసారిగా ట్రిప్పయింది.

బోర్డు విప్పితే
దువ్వి అల్లిన జడలాగుండాయి తీగలు.
ఒక్క జాయింటు కూడా వంక పెట్టేది లేదు.
పచ్చతీగ వెంట నడిచినా,
మిషను నుంచి బోర్డుకు, బోర్డు నుంచి గోడకు,
గోడ బయట సిమెంటు మూత కిందికి.
మూతెత్తితే
రెండడుగుల పైపు, ఎండిన ఎర్రగరుసు.
ఉప్పు లేదు, బొగ్గు లేదు.
మీటరు చూపిన అంకె నేను పైకి చదవలేదు.
అంకెలైతే ఆయనకొచ్చు.

"గుంతకు ఓనరు దుడ్లియ్యలేదమ్మే.
కింద బండ. ఇంగ నీళ్ళంటావా,
తాగేదానికే ట్యాంకరు రావాల."

ఈ నేల సంగతి నాకు తెలీదా.
గొంతు తడి లేనిది కరెంటును మాత్రం ఎట్ల మింగుతాది?
నేల మింగని కరెంటు
ఇనుప పెడలు మీదుండే మడమను వెతుక్కుంటాది.
ఆ షెడ్డులో చెప్పులిడిచి కుట్టే కాళ్ళు
నలభై జతలు.

సంతకం చెయ్యలేదు.
ఆయన తిట్టలేదు.
"కార్డొచ్చింది కదా" అన్నాడు, అంతే.
టేపు చుట్టని తీగ కొసలాగా
రెండు రాత్రులు అది నా ఇంట్లో వేలాడింది.

మూడో తెల్లారుజామున గడ్డపార చప్పుడు.
పోయి చూస్తే ఉసేనప్ప, మోకాలి లోతులో.
నేనొక పార తెచ్చుకున్నా.
మాట్లాడుకోలేదు.
ఆరో అడుగుకు బండ పక్కకు తప్పుకొంది.
ఎనిమిదో అడుగులో మన్ను చల్లగా తగిలింది.
బొగ్గొక వరస, ఉప్పొక వరస.
పనికొచ్చిన ఆడోళ్ళు
తాము తాగే బిందెల్లోంచి తలా ఒక చెంబు పోసినారు.
అది గుటకేసింది. విన్నా.

మీటరు ముల్లు దిగినాక సంతకం చేసినా.
రిపోర్టులో
గుంత తవ్వినోడి పేరుకు గడి లేదు,
నీళ్ళెవరు పొయ్యాలో ఆ గడీ లేదు.
అందుకని అంచున ఖాళీలో తెలుగులో రాసినా:
వారానికొక బిందె పొయ్యండి.
ఎట్లనో తెలీకపోతే ఉసేనప్పను అడగండి.